షోషోన్ సరస్సు

షోషోన్ సరస్సు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వయోమింగ్ రాష్ట్రంలో, ఎల్లోస్టోన్ జాతీయ వనం నైరుతి భాగంలో ఉన్న ఒక మంచినీటి సరస్సు. ఇది సముద్రమట్టానికి సుమారు 2,376 మీటర్ల ఎత్తున, అడవులతో నిండిన కొండల నడుమ ఉన్నది. వైశాల్యం సుమారు 32 చదరపు కిలోమీటర్లు, గరిష్ఠ లోతు సుమారు 62 మీటర్లు. అలాస్కాను మినహాయిస్తే, రోడ్డు మార్గం లేని సరస్సులలో అమెరికాలో ఇదే అతి పెద్దదని చెబుతారు. కయాక్, కనూ వంటి తెడ్ల పడవలలో ప్రయాణించి ఒడ్డున గుడారాలలో విడిది చేయడానికి ఇది ప్రసిద్ధి చెందినది.

పేరు, చరిత్ర

ఈ సరస్సుకు షోషోన్ అనే స్థానిక తెగ పేరు పెట్టారు. 1863లో వాల్టర్ డిలేసీ బంగారాన్వేషణలో ఈ ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఒక వాగు ఆయన పేరుతోనే ఉన్నది. ప్రస్తుత నామం 1872 నాటి హేడెన్ సర్వే కాలంలో స్థిరపడినది.

భౌగోళికం

సరస్సు నీరు లూయిస్ నది ద్వారా దక్షిణాన ఉన్న లూయిస్ సరస్సులో చేరి, అక్కడినుండి స్నేక్, కొలంబియా నదుల మీదుగా పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది. దిగువన ఉన్న జలపాతం అడ్డు కావడం వలన ఇందులో పూర్వం చేపలు లేవు. 1890లో ట్రౌట్ జాతి చేపలను తెచ్చి వదిలారు. పశ్చిమ తీరాన అనేక గీజర్లు గల షోషోన్ గీజర్ క్షేత్రం ఉన్నది.

చేరే మార్గం

పడవలవారు లూయిస్ సరస్సును దాటి, లూయిస్ నదిలో ప్రవాహానికి ఎదురు వెళ్ళాలి. లూయిస్ సరస్సులో మోటారు పడవలు అనుమతిస్తారు గాని, నదిలోను, షోషోన్ సరస్సులోను నిషిద్ధం. నదిలో చివరి భాగం వడిగా ప్రవహిస్తుంది కనుక, చల్లని నీటిలో దిగి పడవను తాడుతో లాగవలసి ఉంటుంది. కాలినడకన వచ్చేవారు డిలేసీ వాగు వెంబడి సుమారు 5 కిలోమీటర్లు నడిచి ఉత్తర తీరానికి చేరవచ్చు.

విడిది

గుర్తించిన స్థలాలలోనే, ముందుగా అనుమతి పత్రం పొంది విడిది చేయాలి. కొన్ని స్థలాలు పడవలవారికి మాత్రమే కేటాయించినవి. పడవకు వేరుగా అనుమతి, తనిఖీ అవసరం. ఇక్కడ కట్టెల మంట నిషిద్ధం కాబట్టి వంటకు చిన్న స్టౌ తీసుకువెళ్ళాలి. ఇది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం. ఆహారాన్ని, వాసన గల వస్తువులను గుడారానికి దూరంగా, ఎలుగుబంట్లకు అందనంత ఎత్తున వేలాడదీయాలి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

సరస్సు అందమైనదే అయినా, దీనిలోని అసలు ప్రమాదం చలి. సాధారణంగా జూన్ వరకు మంచు పూర్తిగా కరగదు. నీటి సగటు ఉష్ణోగ్రత సుమారు 9 డిగ్రీల సెల్సియస్. ఇంత చల్లని నీటిలో పడిన మనిషి 20 నుండి 30 నిమిషాలు మాత్రమే ప్రాణాలతో ఉండగలడని వనాధికారుల అంచనా. లైఫ్ జాకెట్ మనిషిని తేల్చి ఉంచగలదు గాని చలినుండి కాపాడలేదు. 2021 సెప్టెంబరులో ఇక్కడికి వచ్చిన ఒక యాత్రికుడు చలికి శరీర ఉష్ణోగ్రత పడిపోయి మరణించాడు.

ఉదయం నిశ్చలంగా ఉన్న నీటిలో మధ్యాహ్నానికి గాలి లేచి పెద్ద అలలు వస్తాయి. అందువలన ఉదయమే బయలుదేరడం, దూరం ఎక్కువైనా నడిమికి పోక ఒడ్డు వెంబడే తెడ్డు వేయడం, గాలి లేస్తే ఒడ్డు చేరి అది తగ్గేవరకు ఆగడం మంచిది. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకొన్నవారు గాలికి ఎదురు వెళ్ళవలసిన అవసరం రాదు.