ఇరువదియేడు చుట్ల మోటారు

కృష్ణా, గుంటూరు ప్రాంతములలో బండలాగుడు పందెములు చూచినవారికి ఒక ఏర్పాటు తెలిసియుండును. రెండు పండ్ల గిత్తలు, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి వేరువేరుగా పోటీపడును. లేతగిత్తను ముదురు ఎద్దుతో పోటీకి నిలిపినచో అది పందెమే కాదు. రేడియోతో నడుపు చిన్నకార్ల పందెములలోను ఇదే చిక్కు వచ్చినది. అయితే ఇక్కడ తేడా వయస్సులో లేదు, డబ్బులో ఉన్నది.

తీగలు లేకుండ ఒక వాహనమును దూరమునుండి నడుపవచ్చునని నికోలా టెస్లా 1898లో న్యూయార్కులో చిన్నపడవతో చూపెను. రేడియోకార్లు అంగళ్లకు వచ్చినది మాత్రము 1960ల నడుమనే. 1967లో అమెరికాలో ‘రోర్’ అను పందెగాండ్ర సంఘము ఏర్పడెను. 1976లో జపానుకు చెందిన టమియా సంస్థ పోర్షె 934 నమూనాను మబూచి 540 అను చిన్న విద్యున్మోటారుతో అమ్మకమునకు పెట్టుటతో ఈ ఆట సామాన్య గృహములలోనికి ప్రవేశించినది.

ఈ మోటారు ఆర్మేచరుపై ఒక్కొక్క పంటికి 27 చుట్ల తీగ ఉండును. చుట్లు తగ్గించినచో ఏమగును? అయస్కాంతము, వోల్టేజి మారకున్నచో, బరువు లేనప్పటి వేగము చుట్ల సంఖ్యకు విలోమానుపాతములో ఉండును. కనుక 12 చుట్ల మోటారు సుమారు 2¼ రెట్లు వేగముగా తిరుగును. ఖాళీ అయిన చోటును లావుతీగతో నింపినచో నిరోధము చుట్ల వర్గమును అనుసరించి, దాదాపు అయిదవ వంతుకు పడిపోవును. విద్యుత్తు వరదవలె పారును. 1,200 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు నిమిషముల పందెమును పూర్తిచేయవలెనన్న సగటున 18 ఆంపియర్లకు మించి వాడరాదు. కావున వడిగల మోటారు కొన్నవాడు మంచి బ్యాటరీలును కొనవలెను, తరచు బ్రష్షులును మార్చవలెను. ఖర్చు ఒకదానివెంట ఒకటి పెరిగినది. కొత్తగా వచ్చిన బాలుడు మొదటి మలుపులోనే వెనుకబడి, రెండవ వారము రాకపోవుటలో వింత లేదు.

దీనికి విరుగుడుగా ‘స్టాకు’ తరగతి ఏర్పడినది. 27 చుట్లు, ఒంటితీగ, మార్చరాని బ్రష్షుకోణము, ఇవి దాని నియమములు. పందెగాండ్రు ఊరకుందురా? ఒకే రకపు మోటార్లు పలు కొని, వానిలో చురుకైనదానిని ఏరుకొనిరి. విప్పదగిన మోటార్లకు అనుమతి వచ్చిన తరువాత కమ్యుటేటరును నునుపుచేయు చిన్న లేతు యంత్రములు పందెపు బల్లలపైకి చేరినవి. వీరిని మోసగాండ్రనుటకు వీలులేదు; నియమము వదలిన సందులో దూరినవారు మాత్రమే. చవుక తరగతిలోనే తిరిగి ఖరీదు పుట్టినది!

బ్రష్షులు లేని మోటార్లు వచ్చిన పిమ్మట పాత స్టాకు మోటారుకు సమానముగా 17.5 చుట్లదానిని ఎంచిరి. అప్పుడు సందు మోటారునుండి వేగనియంత్రణ పరికరమునకు మారినది. అది విద్యుత్తును ముందుగా అందించి వేగము పెంచెడిది. ఆ సదుపాయమును ఆపివేసి, ఆపినట్లు దీపము మినుకుమినుకుమనునట్లు చేసిరి. తనిఖీదారుడు దూరమునుండియే చూడవచ్చును.

అన్నింటికన్న తెలివైన ఉపాయము మిక్కిలి సాదాది. నిర్వాహకులే మోటార్లను ఉంచుకొని, పందెమునకు ముందు పంచిపెట్టి, ముగిసినవెంటనే తిరిగి తీసుకొందురు. అప్పుడు గెలుపు మలుపు తీయు చేతిదే.

మందసలోగాని పలాసలోగాని ఒక ఉన్నత పాఠశాల ఇట్టి పోటీ పెట్టదలచినచో చదునుచేసిన ఆటస్థలము, ఒకే రకపు చవుక మోటార్లు చాలును. ముందురోజు విద్యార్థులే ఒక్కొక్క మోటారును ఒకే బ్యాటరీకి తగిలించి, బరువు లేనప్పుడు అది తీసికొను విద్యుత్తును అమ్మీటరుతో కొలిచి వ్రాసికొనవచ్చును. మిగిలినవానికి మరీ భిన్నమైన దానిని పక్కన పెట్టి, మిగతావాటికి చీట్లు వేయవలెను.