కల్చరల్ సపోర్ట్ టీమ్: అమెరికా ప్రత్యేక దళాల వెంట మహిళా సైనికులు

కల్చరల్ సపోర్ట్ టీమ్ (సీఎస్‌టీ) అఫ్గానిస్థాన్ యుద్ధకాలంలో అమెరికా సైన్యం తన ప్రత్యేక దళాలకు తోడుగా పంపిన మహిళా సైనికుల బృందం. 2010లో రూపుదిద్దుకుని 2011 నుంచి రంగంలోకి దిగింది. పోరాట దళాల్లో మహిళలను నియమించకూడదన్న నిబంధన అమల్లో ఉన్న రోజుల్లోనే వీళ్ళు గ్రీన్ బెరెట్లనే ప్రత్యేక దళంతో కలిసి గ్రామాల్లో బతికారు, రేంజర్లనే దాడి దళంతో కలిసి రాత్రి దాడులకు వెళ్ళారు. దాదాపు 300 మంది ఈ బృందాల్లో పనిచేశారు. వీరిలో చాలామంది నర్సులు, పోలీసు విభాగం వాళ్ళు, ఇంటెలిజెన్స్, సరఫరా శాఖల ఉద్యోగులు. ప్రత్యేక దళాల్లో పుట్టిపెరిగినవాళ్ళు కారు. బయటినుంచి వచ్చిన సైనికుడు అలాంటి దళం పక్కన నిలబడడానికి ఎలా సిద్ధమవుతాడు, సైన్యం అతన్ని ఎలా సిద్ధం చేస్తుంది, ఎక్కడ చేయకుండా వదిలేస్తుంది అన్న ప్రశ్నలకు ఈ బృందాల చరిత్రను మించిన ఉదాహరణ అరుదు.

అవసరం ఎలా వచ్చింది

దక్షిణ అఫ్గానిస్థాన్‌లో పష్తూన్ ఇల్లంటే ఎత్తయిన మట్టిగోడల ఆవరణ. లోపల ఆడవాళ్ళుండే భాగంలోకి, అంటే జనానాలోకి, పరాయి మగవాడు అడుగుపెట్టకూడదు, వాళ్ళతో మాట కలపకూడదు. సోదాకు వచ్చిన విదేశీ సైనికుడు ఆ గీత దాటితే ఆ ఇంటి పరువు పోయినట్టే. ఊరు ఊరంతా పగబడుతుంది. దాటకపోతే ఊళ్ళో సగం మంది అతనికి కనబడరు, వినబడరు. రాత్రి ఎవరొచ్చారు, ఎవరు తిని పడుకున్నారు, కొత్త మనిషి ఏ గదిలో ఉన్నాడు అన్నది ఇంట్లో వంట చేసేవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయుధాలూ పత్రాలూ జనానాలో దాచడం, బుర్ఖా కప్పుకుని మగవాళ్ళు తప్పించుకోవడం కూడా జరిగేవి.

ఇరాక్‌లో 2003-04 నాటికే ఈ ఇబ్బంది ఎదురై, ఇంజనీరు దళంలోని మహిళలను సోదాలకు వెంట తీసుకెళ్ళారు. వాళ్ళకు ‘లయనెస్’ అన్న పేరు వచ్చింది. 2009లో మెరైన్లు అఫ్గానిస్థాన్‌లో మహిళా బృందాలను మొదలుపెట్టారు. ఆ ప్రయత్నాల్లో ధైర్యానికి లోటు లేదు, ముందస్తు శిక్షణకే లోటు. చేతికందిన గుమాస్తానో మెకానిక్‌నో పిలిచి, కొద్ది రోజులు నేర్పి పంపేవారు. వెంట వెళ్ళిన పోరాట దళం నడకకు వాళ్ళు అలవాటు పడేలోపే గడువు ముగిసేది.

అప్పటి ప్రత్యేక దళాల అధిపతి అడ్మిరల్ ఎరిక్ ఓల్సన్ ఈ పని ఇలా సాగకూడదనుకున్నారు. ఏరి, శిక్షణ ఇచ్చి పంపాలన్నది ఆయన పట్టుదల. రేంజర్ల వంటి దాడి దళాలను నడిపిన అడ్మిరల్ విలియం మెక్‌రేవన్ తమకు మహిళలు కావాలని కోరడంతో పని వేగం అందుకుంది. బయటివాళ్ళ సాయం అవసరమన్న ఆలోచన కొత్తది కాదు. 1987లో జాన్ కాలిన్స్ అనే విశ్రాంత కల్నల్ ప్రత్యేక దళాలకు ఐదు మూలసూత్రాలు రాశారు. ప్రత్యేక దళాల పనుల్లో ఎక్కువ భాగానికి బయటి దళాల సాయం తప్పనిసరి అన్నది ఐదోది. సైన్యం చాలా ఏళ్ళపాటు మొదటి నాలుగింటినే ప్రచారంలో ఉంచింది. ఐదోదాన్ని మళ్ళీ ముందుకు తెచ్చినవారు కూడా ఓల్సనే.

నిబంధన, దాని పక్కదారి

1994 జనవరిలో అప్పటి రక్షణమంత్రి లెస్ ఆస్పిన్ జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, నేలమీద నేరుగా పోరాడడమే ప్రధాన బాధ్యతగా ఉన్న బ్రిగేడ్ కన్నా చిన్న దళాల్లో మహిళలను నియమించకూడదు. రేంజర్ బెటాలియన్, గ్రీన్ బెరెట్ల పన్నెండుమంది బృందం రెండూ ఆ కిందికే వస్తాయి. అందుకని సీఎస్‌టీ మహిళలను నియమించలేదు, తాత్కాలికంగా జతచేశారు. మన ప్రభుత్వ ఆఫీసుల్లో జీతం ఒకచోట, పని ఇంకోచోట ఉండేలా ‘అటాచ్’ మీద పంపినట్టు. తుపాకీ గుండుకు ఈ తేడా తెలియదు. సర్వీసు రికార్డుకు మాత్రం తెలుసు. దాని ఫలితం ఏళ్ళ తర్వాత బయటపడింది.

ఎంపిక

2010లో సైనిక స్థావరాలకు చేరిన ప్రకటనలు చరిత్రలో భాగం కండి అని మహిళలను పిలిచాయి. అర్హతలు కొలతలతో సహా ఉన్నాయి. శారీరక పరీక్షలో 300కు కనీసం 210, ఒక్కో అంశంలో 70కి తగ్గకూడదు. 35 పౌండ్ల బరువు, అంటే 16 కిలోల దాకా, వీపున వేసుకుని ఆరు మైళ్ళు గంటా 39 నిమిషాల్లో నడవాలి. సైన్యంలో చేరేటప్పుడు రాసే పరీక్షలో సాధారణ ప్రజ్ఞకు సంబంధించిన మార్కు నూరుకు తగ్గకూడదు. రహస్య పత్రాలు చూడడానికి అనుమతి ఉండాలి.

ఇవి గుమ్మం దాటడానికే. అసలు వడపోత ఉత్తర కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో దాదాపు వారం పాటు సాగేది. గ్రీన్ బెరెట్లను తయారుచేసే జాన్ ఎఫ్. కెనడీ స్పెషల్ వార్‌ఫేర్ సెంటర్ అక్కడే ఉంది. ఆ సంస్థ తనకు అలవాటైన పద్ధతినే ఇక్కడా వాడింది. ఎంత దూరం నడవాలో చెప్పరు. ఎప్పుడు ఆగుతామో చెప్పరు. బాగా చేశావనీ, చెడగొట్టావనీ అనరు. కాళ్ళు బొబ్బలెక్కి, నిద్ర చాలక, బుర్ర మొద్దుబారిన వేళ ఒక చిక్కుప్రశ్న ఇచ్చి గుంపుగా తేల్చమంటారు. అధికారీ సార్జెంటూ ఒకే వరసలో నిలబడాలి. పరీక్షకులు కండబలాన్ని చూసేవారు గాని, దానికన్నా నిశితంగా చూసింది వేరు: అలసిపోయిన మనిషి పక్కవాళ్ళతో ఎలా మాట్లాడుతుంది, తన బరువు మోస్తూనే ఇంకొకరి బరువుకు చెయ్యి వేస్తుందా, పథకం తలకిందులైతే చిరాకు పడుతుందా అన్నది. పనికి సరిగ్గా అతికిన పరీక్ష ఇది. అర్ధరాత్రి గడపలో, ఏడుస్తున్న పిల్లల మధ్య, కోపంతో వణికిపోతున్న ముసలామెతో నిదానంగా మాట్లాడవలసిన మనిషికి కావలసింది ఆ గుణమే.

అంతవరకూ తమ స్థావరాల్లో ఒంటరిగా పరుగెత్తుతూ, అదనపు బరువుతో నడుస్తూ, మగవాళ్ళ మార్కులతో పోల్చుకుంటూ ఏళ్ళు గడిపిన స్త్రీలు ఇక్కడికి వచ్చాక తమలాంటి వాళ్ళను గుంపుగా చూశారు. గేల్ లెమన్ 2015లో వెలువరించిన ‘యాష్లీస్ వార్’ ఈ బృందాల్లో ఒకదాని కథే. ఆ పుస్తకంలో యుద్ధం ఎంత ఉందో ఇలా కలిసిన స్త్రీల స్నేహమూ అంత ఉంది.

ఆరు వారాలు

ఎంపికైనవారికి దాదాపు ఆరు వారాల శిక్షణ. పష్తూన్ తెగలు, ఇస్లాం ఆచారాలు, ఇంటి కట్టుబాట్లు, పలకరింపుకు సరిపడా పష్తో. స్త్రీలనూ పిల్లలనూ తాకి సోదా చేసే పద్ధతి, అవమానం కలగకుండా ప్రశ్నించే తీరు, విన్నది వెంటనే నివేదికగా మలచడం. వీటితోపాటు తుపాకీ గురి, ప్రథమచికిత్స, రేడియో. దుబాసీని వాడుకోవడం విడిగా నేర్వవలసిన విద్య: చూపు దుబాసీ మీద కాదు, ఎదుటి స్త్రీ మీద ఉండాలి; వాక్యం పొట్టిగా ఉండాలి; జవాబు రాకముందే రెండో ప్రశ్న వేయకూడదు.

రేంజర్లతో వెళ్ళేవాళ్ళకు ఆపైన కొద్ది రోజుల ప్రత్యేక శిక్షణ ఉండేది. రాత్రి చూపు పరికరాలు పెట్టుకుని గతుకుల నేలమీద నడవడం, హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగడం, వరసలో తన చోటు తెలుసుకోవడం. రేంజర్ రెజిమెంటులో వంటవాడు కూడా వాళ్ళ ఎంపిక పరీక్ష గట్టెక్కాల్సిందే. అలాంటి చోటికి ఆరు వారాల చదువుతో వెళ్ళడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ దళం ఏళ్ళ తరబడి ఒకే పని కలిసి చేసింది. ఎవరు ఎటు తిరుగుతారో మాట లేకుండానే వాళ్ళకు తెలుస్తుంది. కొత్తగా వచ్చిన మనిషి తన పని చేయడంతోపాటు వాళ్ళ నడకను ఆపకుండా ఉండాలి. వెనకబడితే దాడి మొత్తం ఆలస్యమవుతుంది.

ఇక్కడ ఒక లోటు స్పష్టంగా కనిపిస్తుంది. శిక్షణ అంతా వెళ్ళే స్త్రీలకే, వాళ్ళను స్వీకరించే దళానికి కాదు. వాళ్ళను ఎక్కడ నిలబెట్టాలి, ప్రశ్నించడానికి వాళ్ళకు ఎంత సమయం ఇవ్వాలి, వాళ్ళు చెప్పిన సమాచారాన్ని ఎప్పుడు వినాలి అన్నది స్వీకరించే దళంలోని నాయకుణ్ణి బట్టి ఉండేది. మంచి నాయకుడున్న చోట మొదటి రాత్రి నుంచే పని సాగింది. లేనిచోట ప్రతి బృందమూ తన విలువను మొదటినుంచీ రుజువు చేసుకోవలసి వచ్చింది. ఆ భారాన్ని సైన్యం ముందే తగ్గించగలిగేది, తగ్గించలేదు.

రంగంలో

గ్రీన్ బెరెట్లతో వెళ్ళినవాళ్ళ పని నెలల తరబడి సాగేది. 2010లో మొదలైన గ్రామ స్థిరీకరణ కార్యక్రమంలో భాగంగా ఆ దళాలు ఊళ్ళోనో ఊరి పక్కనో ఉండి స్థానిక పోలీసులను తయారుచేసేవి. సీఎస్‌టీ మహిళలు ఆడవాళ్ళకు వైద్యశిబిరాలు పెట్టారు, వాళ్ళను సమావేశపరిచి ఊరి గొడవలు విన్నారు. నీళ్ళు, జబ్బులు, బడి, కొట్లాటలు. నమ్మకం కుదిరాక గాని వేరే మాట వచ్చేది కాదు.

రేంజర్లతో వెళ్ళినవాళ్ళకు ఉండేది నిమిషాలే. హెలికాప్టర్ దిగి చీకట్లో నడిచి ఆవరణ చేరాక, స్త్రీలనూ పిల్లలనూ ఒకచోట చేర్చి కాపాడడం వాళ్ళ బాధ్యత. చాలామంది హెల్మెట్ తీసి జుట్టు కనబడేలా నిలబడేవారు, ఎదుట ఉన్నది ఆడమనిషే అని తెలియడానికి. తర్వాత సోదా, ప్రశ్నలు. వెతుకుతున్న మనిషి పక్క గదిలోనే ఉన్నాడన్న సంగతి, పేలుడు పదార్థం ఎక్కడ పెట్టారన్న సంగతి ఇలా తెలిసిన సందర్భాలున్నాయి.

అయితే ఈ పనిని మెచ్చుకుంటూ ఆ దాడులను మరచిపోకూడదు. రాత్రివేళ ఇళ్ళమీద పడడాన్ని అఫ్గాన్ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ పదేపదే ఖండించారు. 2012 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందంతో వాటికి అఫ్గాన్ దళాలే ముందుండాలన్న నియమం వచ్చింది. తలుపు పగిలిన ఇంట్లో స్త్రీతో మరో స్త్రీ మర్యాదగా మాట్లాడితే ఆమె భయం కొంత తగ్గుతుంది, తలుపు అతుక్కోదు. ఆ తేడాను అందరికన్నా దగ్గరగా చూసినవాళ్ళు కూడా సీఎస్‌టీ మహిళలే.

మరణాలు

2011 అక్టోబర్ 22 రాత్రి కాందహార్ రాష్ట్రంలో మందుపాతర పేలి ముగ్గురు చనిపోయారు. ఫస్ట్ లెఫ్టినెంట్ యాష్లీ వైట్ వారిలో ఒకరు. వయసు 24. ఒహాయోలో పెరిగి, కెంట్ స్టేట్ యూనివర్సిటీలో చదివి, ఉత్తర కరోలినా నేషనల్ గార్డ్‌లో వైద్య విభాగంలో పనిచేసిన మనిషి. అఫ్గానిస్థాన్ చేరి అప్పటికి కొద్ది నెలలే. ఆమెతోపాటు పోయినవారిలో సార్జెంట్ క్రిస్టఫర్ డొమీజ్‌కు అది పద్నాలుగో యుద్ధయాత్ర, ఇరవై ఏళ్ళ క్రిస్టఫర్ హార్న్స్‌కు మొదటిది. పద్నాలుగుసార్లు వెళ్ళొచ్చిన రేంజర్‌నీ, ఆరు వారాల శిక్షణతో వచ్చిన లెఫ్టినెంట్‌నీ ఒకే మందుపాతర బలితీసుకుంది. ఆమె పేరును ఫోర్ట్ బ్రాగ్‌లోని ప్రత్యేక దళాల స్మారక ఫలకంపై చేర్చారు.

2013 అక్టోబర్ 6న అదే కాందహార్‌లో నర్సు ఫస్ట్ లెఫ్టినెంట్ జెనిఫర్ మొరేనో, గాయపడ్డవారికి సాయంగా వెళుతూ మందుపాతరకు బలయ్యారు. మరణానంతరం ఆమెకు కెప్టెన్ హోదా ఇచ్చారు.

తర్వాత

2013 జనవరిలో రక్షణమంత్రి లియాన్ పనెట్టా 1994 నాటి నిషేధాన్ని ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. 2015 డిసెంబర్‌లో అన్ని పోరాట ఉద్యోగాలూ మహిళలకు తెరుచుకున్నాయి. అలా తెరుచుకున్నాక గ్రీన్ బెరెట్ల శిక్షణను ఒక మహిళ తొలిసారి పూర్తిచేసింది 2020లో. ఈ మార్పులన్నిటికీ సీఎస్‌టీలే కారణమనడం అతిశయోక్తి. మహిళలు ఆ నడక నడవలేరన్న వాదనకు మాత్రం వాళ్ళ రాత్రుల తర్వాత బలం తగ్గింది.

సీఎస్‌టీ మహిళల సాయంతో తయారైన అఫ్గాన్ మహిళా ప్లాటూన్లు తమ దేశపు ప్రత్యేక దళాలతో కలిసి ఇదే పని చేశాయి. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్ చేరినప్పుడు వాళ్ళ ప్రాణాలు ప్రమాదంలో పడ్డాయి. మాజీ సీఎస్‌టీ సైనికులు ఫోన్లమీద దారి చూపుతూ వాళ్ళలో కొందరిని విమానాల దాకా చేర్చి, అమెరికాలో స్థిరపడడానికి తోడు నిలిచారు.

అటాచ్‌మెంట్ మీద వెళ్ళిన ఫలితం సీఎస్‌టీ మహిళలకు యుద్ధం నుంచి తిరిగొచ్చాకే పూర్తిగా తెలిసింది. చాలామంది సర్వీసు పత్రాల్లో మాతృశాఖ పేరే ఉంది. ప్రత్యేక దళంతో చేసిన పని, చూసిన పోరాటం సరిగ్గా నమోదు కాలేదు. వెన్ను దెబ్బతిన్నవాళ్ళు, పేలుళ్ళవల్ల మెదడుకు గాయమైనవాళ్ళు వైకల్య పరిహారం అడిగితే, నువ్వు పోరాట దళంలోనే లేవు కదా అన్న ప్రశ్న ఎదురైంది. 2023లో అమెరికా కాంగ్రెస్‌లో ఒక మాజీ సీఎస్‌టీ సైనికురాలి పేరిట ‘జాక్స్ యాక్ట్’ బిల్లును ప్రవేశపెట్టారు. ఈ మహిళల సేవను పోరాట సేవగా రికార్డుల్లో నమోదు చేయాలని, ఆ ఆధారంతో వాళ్ళ పరిహార దరఖాస్తులను పరిశీలించాలని అది కోరింది.