పాఠశాల సమస్యలపై తల్లిదండ్రులకు చట్టబద్ధమైన వేదిక

మంగళగిరి: పాఠశాలలో మంచినీరు రాకున్నా, మరుగుదొడ్డి పాడైనా ఎవరికి విన్నవించుకోవాలన్నది ఈ పట్టణంలోని చేనేత కుటుంబాలకు చిన్న ప్రశ్న కాదు. మగ్గం దిగి కార్యాలయాల చుట్టూ తిరిగితే ఆ పూట కూలి పోతుంది.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు. ఉపాధ్యాయులు, స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులు మిగిలిన సభ్యులు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను రూపొందించుట, నిధుల వినియోగాన్ని పర్యవేక్షించుట కమిటీ విధులు. రాష్ట్రవ్యాప్తంగా ఈ కమిటీలకు 2024 ఆగస్టు 8న ఎన్నికలు నిర్వహించారు.

మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘాలు 2021లో ఒకే నగరపాలక సంస్థగా ఏర్పడినవి. ఆ ఏడాది మార్చిలో జరిగిన పుర ఎన్నికలు ఈ రెండు పట్టణాలలో జరుగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని అటువంటి కాలంలో తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి ప్రాధాన్యం మరింత ఎక్కువ.

కమిటీలో పరిష్కారం కాని అంశం బాలల విద్యాహక్కుకు సంబంధించినదైతే, 32వ సెక్షన్ క్రింద స్థానిక సంస్థకు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చును. నోటిమాట చాలదు, లిఖితపూర్వకంగా ఇవ్వవలెను. మూడు నెలలలోగా దానిపై నిర్ణయం వెలువడాలి. ఆ నిర్ణయం సమ్మతం కానివారు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకొనవచ్చును.