తోడేళ్ళ పాత్రధారణ క్రీడలో ‘ఆల్ఫా’ భావన: చారిత్రక పరిశీలన

కీలకపదాలు: పాత్రధారణ, సామూహిక రచన, ఆల్ఫా, షెంకెల్, మెక్

1. ఉపోద్ఘాతం

పలువురు రచయితలు తలా ఒక తోడేలు పాత్రను స్వీకరించి, వంతులవారీగా ఖండికలు రాస్తూ ఒకే కథను నడిపించే క్రీడ ఆంగ్ల అంతర్జాల సమాజాలలో ప్రచారంలో ఉంది. ఒకరి పాత్ర తరపున మరొకరు నిర్ణయం తీసుకోరాదన్నది దీని మౌలిక నియమం. ఈ సమాజాలలో పలు గుంపుల నిర్మాణం ‘ఆల్ఫా, బీటా, ఒమేగా’ అనే అంతస్తుల మీద నిలిచి ఉంటుంది. ఈ క్రమం అడవిలోని తోడేళ్ళదా, శాస్త్రచరిత్రలోని ఒక దశదా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. వంతులవారీ క్రీడ పూర్వరూపాలు

దూరాన ఉన్నవారు ఉత్తరాల ద్వారా ఆడడం పాత సంప్రదాయమే. 1824-28 మధ్య ఎడిన్‌బరో, లండన్ చదరంగ సంఘాలు ఈ పద్ధతిలోనే తలపడ్డాయి. 1963లో జాన్ బోర్డ్‌మన్ ‘డిప్లొమసీ’ క్రీడను తపాలా ద్వారా నడిపాడు. 1978లో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, ర్యాండీ స్యూస్ నెలకొల్పిన కంప్యూటర్ ప్రకటన ఫలకం ఈ నిరీక్షణను తెర మీదికి తెచ్చింది. రెండు వంతుల మధ్య లభించే వ్యవధి క్రీడను క్రమంగా రచనకు చేరువ చేసింది.

3. సాహిత్య నేపథ్యం

గుంపునాయకుని కల్పన శాస్త్రం కన్నా ముందే కథలలో ఉంది. కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ (1894)లో అకేలా బలం ఉన్నంతకాలమే నాయకుడు. జాక్ లండన్ ‘కాల్ ఆఫ్ ది వైల్డ్’ (1903)లో బక్ అనే శునకం పోరాడి నాయకత్వం సాధిస్తుంది. బలమే అధికారానికి మూలమన్న ఊహ పాఠకులలో అప్పటికే నాటుకొని ఉంది.

4. బాసెల్ నుండి ఎల్స్‌మియర్ వరకు

1947లో స్విస్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ షెంకెల్, బాసెల్ జంతుప్రదర్శనశాలలోని తోడేళ్ళను పరిశీలించి వ్యాసం ప్రకటించాడు. సుమారు 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు గల ఆవరణలో గరిష్ఠంగా పది తోడేళ్ళు ఉండేవి. వైదొలగే దారి లేని ఆ ఇరుకులో కనిపించిన ఆధిపత్యపు పోరు తోడేలు జాతి స్వభావంగా స్థిరపడింది. డేవిడ్ మెక్ 1970లో వెలువరించిన ‘ది వుల్ఫ్’ గ్రంథం ఈ భావనను విస్తృతంగా ప్రచారం చేసింది.

దానిని సవరించినవాడూ మెక్కే. 1986 నుండి కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో పదమూడు వేసవులపాటు స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను గమనించి, సహజమైన గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు గల కుటుంబమేనని 1999లో ప్రతిపాదించాడు. అక్కడి నాయకత్వం గెలుచుకున్న పదవి కాదు. సంతానాన్ని పెంచే బాధ్యత. అయితే పలు ఆడ తోడేళ్ళు పిల్లలను కనే పెద్ద గుంపుల విషయంలో ‘ఆల్ఫా’ పదానికి ఆయన కొంత అవకాశం మిగిల్చాడు.

5. క్రీడలో నిలిచిన పాతభావన

శాస్త్రం సవరించుకున్నా కల్పనాలోకం పాత క్రమాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. అందుకు కారణం అజ్ఞానం ఒక్కటే కాదు. పలువురు కలిసి రాసే కథకు సంఘర్షణ కావాలి. పదవి కోసం పోరు దానిని సులభంగా సమకూరుస్తుంది. పైగా కొత్తగా చేరినవారికి కథలో ఒక స్థానాన్ని చూపడానికి అంతస్తులు ఉపకరిస్తాయి. ఇందుకు భిన్నంగా, 2007లో మిన్నెసోటా జంతుప్రదర్శనశాల భాగస్వామ్యంతో వెలువడిన ‘వుల్ఫ్‌క్వెస్ట్’ అనే కంప్యూటర్ క్రీడ తోడును వెదకడం, స్థావరం ఏర్పరచుకోవడం, పిల్లలను సాకడం అనే జీవనక్రమాన్ని ఆధారం చేసుకొంది. కుటుంబం నుండి కూడా కథ పుట్టగలదని ఇది నిరూపించింది.

6. ముగింపు

ఈ సమాజాలను సామూహిక రచనాభ్యాసానికి సిఫారసు చేసే అధ్యాపకులు రెండు అంశాలు గమనించాలి. మొదటిది, ఇతరుల పాత్ర స్వేచ్ఛను గౌరవించే నియమం అక్కడ ఎంతవరకు అమలవుతున్నది. రెండవది, గుంపు నిర్మాణం ఏ కాలపు జ్ఞానాన్ని ప్రతిబింబిస్తున్నది. ‘ఆల్ఫా’ క్రమాన్ని కల్పనా సంప్రదాయంగా చదివితే అది విలువైన చారిత్రక సాక్ష్యం. ప్రకృతి సత్యంగా బోధిస్తే మాత్రం, ఒక ఇరుకు ఆవరణలో పుట్టిన నిర్ణయాన్ని అడవి అంతటికీ అంటగట్టినట్లవుతుంది.