ఐరన్ లెగ్ అన్నారు, ఆమె కథ హక్కులే చేతిలో పెట్టుకుంది | కాథరిన్ హెప్‌బర్న్ స్టోరీ

మన దగ్గర వరసగా రెండు సినిమాలు పోతే హీరోయిన్‌కి వెంటనే ఒక పేరు పెట్టేస్తారు. ఐరన్ లెగ్. కథ బాగుందా, డైరెక్షన్ బాగుందా అని ఎవడూ అడగడు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. 1938లో అమెరికాలో థియేటర్ ఓనర్ల సంఘం ఒకటి డబ్బులు పెట్టి మరీ పత్రికలో యాడ్ వేయించింది. ఈ స్టార్లు బాక్సాఫీసుకి విషం అని పేర్లు రాసి మరీ వేశారు. ఆ లిస్టులో ఎక్కువమంది ఆడవాళ్లే. అందులో ఒక పేరు కాథరిన్ హెప్‌బర్న్.

అసలు ఎవరీవిడ? 1907లో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. నాన్న డాక్టర్. అమ్మ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. 1928లో కాలేజీ అవగానే నాటకాల్లోకి వెళ్లింది. 1932లో మొదటి సినిమా. 1933లో వచ్చిన మార్నింగ్ గ్లోరీకే ఆస్కార్!

అక్కడి నుంచి కిందకి జారడం మొదలైంది. అదే 1933 చివర్లో బ్రాడ్‌వేలో ద లేక్ అనే నాటకం వేసింది. విమర్శకులు ఉతికి ఆరేశారు. నిర్మాత దాన్ని ఊరూరా తిప్పుతానంటే, ఆమె ఎదురు డబ్బు కట్టి మరీ బయటపడింది. తర్వాత సినిమాల్లో కూడా హిట్లు తక్కువ, ఫ్లాపులు ఎక్కువ. ఇవాళ క్లాసిక్ అంటున్న బ్రింగింగ్ అప్ బేబీ కూడా 1938లో నష్టాలే తెచ్చింది. దానికి తోడు ఆమె ప్యాంట్లు వేసుకుంటుంది, ఆటోగ్రాఫులు ఇవ్వదు. పొగరు అన్నారు.

ఇప్పుడు అసలు పాయింట్. యాడ్ వచ్చిన ఏడాదే ఆర్‌కేఓ స్టూడియో ఆమెకి ఒక చిన్న సినిమా ఇచ్చింది. చెయ్యను అని చెప్పి, సొంత డబ్బు కట్టి కాంట్రాక్ట్ తెంచుకుంది. మళ్లీ నాటకాలకే వెళ్లింది. ఫిలిప్ బ్యారీ అనే రచయిత ఆమెను దృష్టిలో పెట్టుకుని ద ఫిలడెల్ఫియా స్టోరీ రాశాడు. అందులో హీరోయిన్ ఎవరో తెలుసా? డబ్బున్న, పొగరున్న అమ్మాయి. అందరూ ఆమెకి తన తప్పులు చూపిస్తారు, చివరికి ఆమె మెత్తబడుతుంది. అంటే జనం ఏ కంప్లయింట్ పెట్టారో, దాన్నే పాత్ర చేసి స్టేజీ ఎక్కింది! మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే బగ్ రిపోర్టునే ఫీచర్ చేసేసింది.

జీతం వదులుకుని లాభాల్లో వాటా తీసుకుంది. 1939 మార్చిలో మొదలైన నాటకం బ్రాడ్‌వేలో 417 ప్రదర్శనలు ఆడింది. సినిమా హక్కులు అప్పటికే ఆమె చేతిలో ఉన్నాయి. విమానాల కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూజ్ కొనిచ్చాడు. ఎంజీఎం స్టూడియో అడిగితే ఒకటే కండిషన్: హీరోయిన్ నేనే. డైరెక్టర్‌గా తన మొదటి సినిమా తీసిన జార్జ్ క్యూకర్‌నే పెట్టించుకుంది. 1940లో వచ్చిన ఆ సినిమా సూపర్ హిట్. జేమ్స్ స్టీవర్ట్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. 1942లో వచ్చిన ఉమన్ ఆఫ్ ద ఇయర్‌కి మళ్లీ అదే ప్లాన్: స్క్రిప్టు తనే తీసుకెళ్లి, రాసిందెవరో చెప్పకుండా, మంచి రేటుకి ఎంజీఎంకే అమ్మింది.

ఇక్కడ నిజం మాట్లాడుకుందాం. ఇంట్లో డబ్బు లేకపోతే, హ్యూజ్ లాంటి స్నేహితుడు లేకపోతే ఇది కుదిరేదా? చాలా కష్టం. ఇంకోటి, జనం ఆమెను మళ్లీ ఒప్పుకుంది ఆ పాత్ర తల వంచాకే. అది నాకైతే కొంచెం గుచ్చుకుంటుంది. కానీ పాత్ర తల వంచింది, హక్కులున్న మనిషి వంచలేదు.

తర్వాత ఇంకో మూడు ఆస్కార్లు వచ్చాయి, మొత్తం నాలుగు. నటనకి అన్ని ఆస్కార్లు ఇంకెవరికీ రాలేదు. 2003లో, 96 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆ యాడ్ వేసిన సంఘం పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు?

ఈసారి ఎవరైనా ఒక హీరోయిన్‌ని ఐరన్ లెగ్ అంటే, ఒక్క ప్రశ్న వెయ్యండి: ఆ సినిమాలో ఆమె చేతిలో ఉన్న నిర్ణయం ఏంటి? మీకేమనిపించిందో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!