డేటా సెంటర్లలో డీసీ కరెంటు: 800 వోల్టుల పద్ధతి అంటే ఏమిటి?

విశాఖపట్నంలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అప్పటి నుంచి మా సంఘం కార్యాలయానికి వచ్చే ఐటీఐ, డిప్లొమా పిల్లలు ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు: డేటా సెంటర్లు డీసీకి మారుతున్నాయట, మేం నేర్చిన ఏసీ వైరింగ్ పనికొస్తుందా? వారి కోసం తెలిసినంతలో ఇక్కడ వివరిస్తున్నాము.

పాత పద్ధతి

గ్రిడ్ నుంచి వచ్చేది ఏసీ, అంటే ఏకాంతర విద్యుత్తు. యూపీఎస్ దాన్ని బ్యాటరీల కోసం డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేస్తుంది. ర్యాక్‌లోని పవర్ సప్లై తిరిగి డీసీ చేసి, సుమారు 54 వోల్టులకు దించుతుంది. ఇలా మార్చిన ప్రతిసారీ కొంత విద్యుత్తు వేడిగా పోతుంది. ఆ వేడిని చల్లార్చడానికి మళ్లీ కరెంటు కావాలి.

ఎందుకు మారుతున్నారు

ఎన్విడియా వారి 72 చిప్‌ల ర్యాక్ ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు వాడుతుంది. రాబోయేవి 1 మెగావాట్ దాకా వెళతాయంటున్నారు. లెక్క చూడండి: 1 మెగావాట్‌ను 54 వోల్టుల వద్ద ఇవ్వాలంటే 18,500 ఆంపియర్లు పారాలి. అలాంటి ర్యాక్‌కు 200 కిలోల దాకా రాగి బస్‌బార్ కావాలని ఎన్విడియా చెబుతోంది. అదే 800 వోల్టులయితే 1,250 ఆంపియర్లు చాలు. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే తీగలో నష్టం 200 వంతుల కంటే తక్కువకు పడిపోతుంది.

అందుకే ఆ సంస్థ 2025 మే నెలలో 800 వోల్టుల డీసీ విధానాన్ని ప్రకటించింది. 2027 నుంచి వాడుకలోకి తెస్తామంది. మైక్రోసాఫ్ట్, మెటా వంటివారు ప్లస్, మైనస్ 400 వోల్టుల పద్ధతిపై పని చేస్తున్నారు. రెండు తీగల మధ్య చూస్తే అదీ 800 వోల్టులే.

పేరులో పొరపాటు

హెచ్‌వీడీసీ అన్న మాట కోలారు ప్రాంతపు మనవారికి కొత్త కాదు. ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలారుకు 2003లో వచ్చిన లైను ప్లస్, మైనస్ 5 లక్షల వోల్టులది. విశాఖ గాజువాకలోనూ తూర్పు, దక్షిణ గ్రిడ్లను కలిపే హెచ్‌వీడీసీ కేంద్రం ఉంది. అవి రాష్ట్రాల మధ్య కరెంటు చేరవేసేవి. డేటా సెంటర్‌లోది భవనం లోపల పంపిణీ. సూత్రం ఒకటే, స్థాయి వేరు.

పిల్లలు మరువరానివి

ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు పుట్టిన నిప్పు తేలిగ్గా ఆరుతుంది. డీసీ సున్నాకు రాదు. ఆ నిప్పు సాగుతూనే ఉంటుంది. కనుక ఏసీ బ్రేకర్‌ను డీసీ లైనులో పెట్టరాదు. మెయిన్ ఆపినా కెపాసిటర్లలో, బ్యాటరీలలో కరెంటు నిలిచి ఉంటుంది. మీటరుతో చూసి, లేదని తేలాకే చెయ్యి పెట్టాలి. 'ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పనే కదా' అనే ధీమా ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

నేర్చిన చదువు వృథా కాదు. గ్రిడ్ నుంచి భవనం దాకా ఏసీ ఉండనే ఉంటుంది. దానికి డీసీ రక్షణ, సోలార్, బ్యాటరీ పని తోడు చేసుకోవాలి. కాంట్రాక్టరు పనికి పిలిచినప్పుడు వోల్టేజి ఎంత, ఏసీయా డీసీయా, శిక్షణ ఇస్తారా అని ముందే అడగండి. అడగడం తప్పు కాదని తల్లిదండ్రులు కూడా పిల్లలకు చెప్పాలని మనవి.