నాగటి భాగములు - వసంతపు సేద్యము



ఏరువాక సమీపించినంతనే రైతు నాగటికఱ్ఱును గొనిపోయి కమ్మరి కొలిమికడ నిలుచుట మన పల్లెలలో అనాదిగా వచ్చిన ఆచారము. తొలకరి యెవ్వరికొఱకును వేచియుండదు. శీతలదేశమగు ఇంగ్లండునందు ఈ నియమము మఱింత కఠినమైనది. అచ్చట శీతకాలమున నేల గడ్డకట్టియో, బురదయైయో యుండును. మార్చి, ఏప్రిల్ మాసములలో నేల ఆరిన కొలదిదినములలోనే బార్లీ, ఓట్లు విత్తవలెను, ఉర్లగడ్డలు నాటవలెను. ఆ దినములలో పనిముట్టు చెడెనా, పోవునది ఆ సంవత్సరపు పంట. కావున పాత పనిముట్లను బాగుచేసికొనుటకు తగిన సమయము శీతకాలమే. ఆ పనిని రైతునకు సులభము గావించిన ఒక చరిత్రను నేడు మనవి చేసెదను.

పూర్వము నాగళ్ళను కమ్మరులు తమ తమ చేతివాటమును బట్టి చేయుచుండిరి. సామాన్యముగా ఒక నాగటి భాగము వేఱొక నాగటికి అమరదు. 1789లో ఇప్స్విచ్ పట్టణమున పని ప్రారంభించిన రాబర్టు రాన్సమ్ అను పోతపనివాడు ఈ చిక్కును విడదీసెను. 1803లో ఆతడు పోతయినుప కఱ్ఱునకు ఒక పేటెంటు పొందెను. కరిగిన యినుమును పోయునపుడు అడుగుప్రక్క త్వరగా చల్లారునట్లు చేసినచో ఆ ప్రక్క మిక్కిలి గట్టిపడును. పైప్రక్క కొంత మెత్తగా నుండును. మన్ను రాచుకొన్నపుడు పైప్రక్క ముందుగా అరుగును. అడుగున నున్న అంచు వాడిగనే నిలుచును. దున్నినకొలది తనంతట పదునెక్కు కఱ్ఱు అది.

1808 నాటి పేటెంటు అంతకంటె ముఖ్యమైనది. నాగటి భాగములను ఒకే కొలతలతో చేయించి, అరిగినదానిని విప్పి, క్రొత్తదానిని బిగించుకొనునట్లు రాన్సమ్ ఏర్పరచెను. అందువలన రైతు చేలోనే నాగలిని బాగుచేసికొనగలిగెను. ఆ కర్మాగారమే 1832 మొదలు తోటలలో గడ్డి కోయు మరలను, 1936లో కాయగూరల తోటలకు తగిన చిన్న ట్రాక్టరును తయారుచేసినది.

1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. ఓడలపై వచ్చు ఆహారమునకు శత్రువుల జలాంతర్గాములు అడ్డుపడెను. పచ్చికబయళ్ళను దున్నువారికి ఎకరమునకు 2 పౌన్ల సహాయమును బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించియుండెను. 1940 పంటకు సుమారు 20 లక్షల ఎకరములు అదనముగా దున్నింపవలెనని సంకల్పించెను. కాని కర్మాగారములు ఆయుధముల పనిలో మునిగియుండెను. తరువాత ఉద్యానముల ఇనుపకంచెలు సైతము పెరికి కొనిపోబడెను. ఇట్టి కాలమున కొట్టములలో త్రుప్పుపట్టిన ప్రతి పనిముట్టును గూర్చియు ఒక ప్రశ్న పుట్టెను: ఇది కొలిమికా, పొలమునకా? గుఱ్ఱములు లాగు పాత పనిముట్ల నొగలను పొట్టిగా కోసి ట్రాక్టరులకు తగిలించిరి. త్రుప్పు గీకి, కదలని మరమేకులను కిరసనాయిలుతో నానబెట్టి, ఇరుసులకు చమురు పెట్టి, అరిగిన భాగములను మార్చి, వసంతమునకు సిద్ధపఱచిరి. యుద్ధారంభమున బ్రిటనులో సుమారు 56,000 ట్రాక్టరులుండగా, 1946 నాటికవి రెండు లక్షలు దాటెను. అవి సమకూడువఱకు పాత యినుమే ఆ దేశమునకు అన్నము పెట్టుటలో పాలుపంచుకొన్నది.

పాత యంత్రము బ్రతుకుటకు బాగుచేయువాని ఓర్పు చాలదు. చేసినవాడు దానిని విప్పదగినదిగా చేసియుండవలెను. నేటి సేద్యపు యంత్రములు కొన్ని కంప్యూటరు తాళములతో వచ్చుచున్నవి. వానిని స్వయముగా బాగుచేసికొను హక్కు రైతునకు కలదని అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2023లో చట్టము చేయవలసివచ్చినది. రాన్సమ్ రెండువందల యేండ్లకు పూర్వమే మరమేకులతో ఇచ్చిన హక్కు అది. కావున క్రొత్త యంత్రమును కొనబోవు రైతు ధరను, బలమును విచారించుటతోపాటు, "దీని భాగములు విడిగా దొరకునా? మా ఊరిలో దీనిని విప్పి బిగింపగలవారు కలరా?" అని కూడ అడుగుట మేలు.